జూబియన్ నౌక

1904లో ఫిషర్ అను సేనాని బ్రిటిష్ నౌకాదళమునకు ప్రధానాధికారి యయ్యెను. విధ్వంసక నౌకలు గంటకు 33 నాట్ల వేగముతో పోవలెనని ఆయన పట్టుపట్టెను. అందులకై 1905 మొదలు 12 నౌకలకు ఉత్తరువు లీయబడెను. వానిలో పెక్కింటికి లోకమందలి పలు తెగల పేర్లు పెట్టిరి. అవి బొగ్గునకు మారు నూనెను మండించి, ఆవిరి టర్బైన్లతో నడచెడివి. కోరిన వేగము సిద్ధించినది గాని, అవి నూనెను మితిమీరి త్రాగెడివి, దూరప్రయాణములకు పనికిరాకుండెను.

1914లో ప్రపంచయుద్ధము ప్రారంభమైన పిదప ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమనున్న డోవర్ జలసంధి వద్ద వీనిని కావలి యుంచిరి. ఫ్రాన్సునకు పోవు సైనికులును, ఆయుధములును ఆ దారిని దాటవలసియుండెను. శత్రువులు ఆ జలములందు మైనులు పరచుచుండిరి. 1915లో మావోరి, 1917లో గూర్ఖా అను నౌకలు అట్టి మైనులకే బలియయ్యెను.

1916 అక్టోబరు 26వ తేది రాత్రి జర్మను నౌకలు జలసంధిపై దాడి చేసెను. ఆ పోరులో టార్పెడో తగిలి నూబియన్ నౌక యొక్క అణియము, అనగా ముందుభాగము, విరిగిపోయెను. గాలికి కొట్టుకొనిపోయి అది ఒడ్డున పడెను. నవంబరులో జూలూ నౌక మైనుకు తగిలెను. దాని అమరము, అనగా వెనుకభాగము, మునిగిపోయెను. మిగిలిన భాగమును కాలే రేవునకు లాగుకొనిపోయిరి.

ఒకదానికి తల లేదు. వేరొకదానికి తోక లేదు. యుద్ధకాలమున క్రొత్త నౌకను కట్టుటకు వ్యవధి చాలదు. అందుచే చాథం నౌకానిర్మాణశాలలోని శిల్పులు జూలూ ముందుభాగమును నూబియన్ వెనుకభాగమునకు అతికించిరి. ఈ పని సులభమైనది కాదు. రెండును వేర్వేరు సంస్థలు కట్టిన నౌకలు. వాని వెడల్పులలో సుమారు మూడున్నర అంగుళముల భేదముండెను. అయినను 1917 జూన్ నెలలో ఆ నౌక సేవకు సిద్ధమయ్యెను. రెండు పేర్లను కూడ కలిపి దానికి జూబియన్ అని పేరిడిరి.

1918 ఫిబ్రవరిలో జూబియన్ ఒక జర్మను జలాంతర్గామిని ముంచినదని నౌకాదళము ప్రకటించెను. తరువాతి పరిశోధకులు కొందరు దానిని సందేహించిరి. ఎట్లైనను, యుద్ధాంతము వరకు అది కావలి విడువలేదు. 1919లో దానిని పాత ఇనుమునకు అమ్మివేసిరి.

విరిగిన రెండు నౌకలను ఒకటిగా చేయుట మానవుని నేర్పునకు సాధ్యమయ్యెను. కాని ఆ జలములందు అసువులు బాసిన నావికులను తిరిగి తెచ్చుట ఏ శిల్పికిని సాధ్యము కాలేదు.