దడ వస్తే భయమనుకోకండి

కీమో నడుస్తున్న ఇంట్లో పెద్దమ్మో అత్తయ్యో "గుండె దడదడలాడుతోందే" అంటే మన నోట ఠక్కున వచ్చేది ఒకటే మాట: "భయపడుతున్నావు, దేవుణ్ణి తలుచుకో." తలుచుకోనివ్వండి గానీ, ముందు ఆవిడ చెయ్యి ఇలా పట్టుకోండి. బొటనవేలి కిందుగా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టండి. నింపాదిగా కూర్చున్నప్పుడు మామూలుగా 60 నుంచి 100 లోపు ఉంటుంది. అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. రెండు దెబ్బలు గబగబా పడి, తర్వాతది ఆలస్యమై, ఒక వరసంటూ లేకపోతే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. అందులో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోక వణుకుతాయి. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే. రక్తం పలచబడే మందు ఇద్దామంటే కీమోతో ప్లేట్‌లెట్లు తగ్గి ఉండొచ్చు. అందుకే క్యాన్సర్ డాక్టరూ గుండె డాక్టరూ మాట్లాడుకోవాల్సిందే.

డాక్సోరుబిసిన్, అదేనమ్మా ఆ ఎర్ర మందు, గుండె మీద ప్రభావం చూపగలదని చాలామందికి తెలుసు. రక్త క్యాన్సర్లలో వాడే ఇబ్రూటినిబ్ మాత్రతోనూ లయ తప్పవచ్చు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం ఇంట్లో చేజేతులా జరిగేది. వాంతులు, విరేచనాలతో పొటాషియం, మెగ్నీషియం పోతాయి. సిస్‌ప్లాటిన్ అయితే మెగ్నీషియాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. దానికి తోడు వాంతులకు ఒండాన్‌సెట్రాన్, నోటిపూతకు ఫ్లూకోనజోల్, జ్వరమనగానే మెడికల్ షాపువాడు చేతిలో పెట్టే అజిత్రోమైసిన్! దేనికదే మంచి మందే. కానీ ఈ మూడూ ఇసిజిలో క్యూటీ అనే నిడివిని పెంచగలవు. లవణాలు తగ్గిన ఒంట్లో ఇవన్నీ కలిస్తే ప్రాణాంతకమైన లయకు దారితీయవచ్చు. అలాగని వాంతుల మాత్ర మీరే మానేయకండి. కొబ్బరినీళ్లు ఒకటే పనిగా పట్టించకండి, కిడ్నీలు బాగోకపోతే పొటాషియం ఎక్కువైనా ముప్పే. వాడే మాత్రల అట్టలన్నీ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఓ సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. ఇసిజి తీయాలా, లవణాల పరీక్ష చేయాలా అని మీరే అడగండి.

కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పో ఆయాసమో వచ్చినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.