పెరటిలో పెద్ద తొట్లు: వాని నెన్నుకొనుట, నింపుట, పోషించుట

అమ్రాబాదు పీఠభూమిమీది గ్రామములలో ఇంటికి పెరడుండును గాని, ఆ పెరటిలో మన్ను అన్నిచోట్ల నుండదు. పార వేసిన జానెడు లోతుననే రాయి తగులు తావులు అనేకములు. మన్నున్న చోటను అది ఎఱ్ఱ చలక. వాన వెలిసిన కొలది దినములకే గట్టిపడిపోవును. కృష్ణ బహు దిగువన లోయలో పారుచున్నది. పైనున్న పెరటిచెట్టునకు బోరునీరో కొళాయినీరో బిందెతో మోసి పోయవలసినదే. ఇట్టి తావున ఒక నిమ్మచెట్టు, ఒక కరివేపచెట్టు, నాలుగు వంగమొక్కలు కావలెనన్న ఇల్లాలికి పెద్ద తొట్టియే పొలము. వేసవిలో నిమ్మకాయలకు సంతలో చెల్లించు పైకమును లెక్కించుకొన్నవారికి ఈ పాఠము వేడుకకొఱకు వ్రాసినది కాదని చెప్ప నక్కఱలేదు.

తొట్టిలో మొక్క పెంచుట మనకు క్రొత్త విద్య కాదు. తులసికోటయు తొట్టియే. అయితే ఊరిలోని కోటలను పరికించినచో ఏటికి రెండుమార్లు క్రొత్తమొక్క నాటవలసివచ్చునవి కొన్ని కనబడును. ఇంటివారు ఎండ యనియు, దిష్టి యనియు చెప్పుదురు. మేము చూచినంతలో అట్టి కోటలు చాలవానికి అడుగున బెజ్జము లేదు. కట్టినవాడు గోడలకు సిమెంటు పూసి, చేయి ఆగక అడుగునకును పూసియుండును. ప్రతి ఉదయము చెంబెడు నీరు పోయుదురు, ఆ నీరు పోవుటకు దారి లేదు, వేరు కుళ్లును. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు గనుక ఆకు వాడును. ఆకు వాడినదని చూచి మఱియొక చెంబు పోయుదురు. తొట్లలోని మొక్కలు ఎండుటచేత కంటె ఇట్లు మునుగుటచేతనే ఎక్కువగ చచ్చుచున్నవని మా అభిప్రాయము.

వేరునకు నీరెంత యవసరమో గాలియు నంత యవసరము. ఈ సంగతి తెలియుటకు ఇంటిలోని దండెమును చూచిన చాలును. తడిపంచెను ఆరవేసినపుడు పైభాగము త్వరగా నీరు వదలును; క్రింది అంచున మాత్రము కొన్ని అంగుళముల మేర నీరు నిలిచియుండును. చిన్న తువాలైనను పొడుగుపంచె యైనను ఆ తడియంచు వెడల్పు ఇంచుమించు ఒక్కటే. తొట్టిలోని మన్నును ఇట్టిదే. బెజ్జమున్నను, అడుగున కొంతమేర మన్ను నీటితో నిండియే యుండును. అక్కడ వేరునకు ఊపిరాడదు. ఆ తడిపొర మూడంగుళములనుకొందము. ఆఱంగుళముల కుండలో వేరునకు మిగులునది మూడంగుళములే. రెండడుగుల తొట్టిలో ఇరువదియొక్క అంగుళములు మిగులును. పెద్దతొట్టి మేలనుటకు ముఖ్యకారణ మిదియే. వెడల్పుకంటె ముందుగ లోతును చూడవలెను. ఆకుకూరలకు ఎనిమిదంగుళములు, వంగ, టమాటా, మిరపలకు అడుగు, నిమ్మకును కరివేపకును రెండడుగులు ఉండవలెను.

ఇచ్చట అందఱును నమ్మిన మాట యొకటి కలదు: తొట్టి అడుగున గులకరాళ్లు పఱచిన నీరు బాగుగ దిగునని. ఇది సరికాదు. సన్నని మట్టి సందులు నీటిని పట్టియుంచును. రాళ్లనడిమి పెద్దసందులకు ఆ బలము లేదు. కావున మన్ను పూర్తిగ నానిన పిదపనే నీరు రాళ్లలోనికి జాఱును. తడియంచు తొలగిపోదు, రాళ్లమీది కెక్కి కూర్చుండును. నాలుగంగుళముల రాళ్లు పోసినవాడు తన తొట్టిలోతును నాలుగంగుళములు తగ్గించుకొన్నవా డగును. మన్ను జాఱిపోకుండుటకు బెజ్జముమీద వంపు తిరిగిన పెంకునొకదానిని బోర్లించుటయో, చిన్న తీగవలముక్క వేయుటయో చాలును.

ఇక ఎట్టి తొట్టి కావలెను? మన ఇండ్లలో పగుళ్లువారి కుడితికి పనికిరాని గోలెములు మూలబడియుండును. వానికి అడుగున బొటనవ్రేలు పట్టునంత బెజ్జములు మూడు నాలుగు ఉలితో మెల్లగ కొట్టినయెడల మంచి తొట్లగును. మట్టితొట్టి గోడ చెమర్చును. మంచినీళ్లకుండ చల్లబడునట్లే వేరును చల్లబడును. అందుచేతనే అది త్వరగా ఆఱిపోవును. నీరు తఱచుగ పోయగలవారికే మట్టితొట్టి తగును.

మాకు అన్నిటికంటె నచ్చినది బావులకును మఱుగుగుంటలకును వేయు సిమెంటు ఒర. మూడడుగుల అడ్డుకొలతయు అడుగు ఎత్తును గల ఒరలో ఇంచుమించు 200 లీటర్ల మన్ను పట్టును. ఒకదానిపై నొకటి రెండు పెట్టినచో 400 లీటర్లు. దీనికి అడుగు లేకుండుటయే దీని గుణము. జానెడు మన్నున్న నేలమీద పెట్టి ఆ మన్నును కొంచెము గుల్లచేసినయెడల తొట్టిలోని మన్నును నేలయు ఒకటిగా కలిసిపోవును; తువాలు పంచె యైనట్లు. తడియంచు నేలలోనికి దిగిపోవును. అయితే దగ్గఱ వేపచెట్టున్న తావున ఒర పెట్టరాదు. పోసిన నీటి జాడ పట్టి వేపవేళ్లు క్రిందినుండి పైకి ప్రాకి, నిమ్మకు పోసినది తామే త్రాగును. క్రొత్త ఒరలో సున్నపుగుణము హెచ్చు గనుక వారముదినములు తడుపుచు ఆ నీటిని పాఱబోసి తరువాతనే మన్ను నింపవలెను.

ప్లాస్టికు డ్రమ్ములనుగూర్చి కఠినముగ చెప్పవలసియున్నది. పత్తిచేలకు కొట్టు పురుగుమందులు, గడ్డిమందులు వచ్చిన డబ్బాలను, డ్రమ్ములను కడిగి వానిలో కొత్తిమీరయు మెంతికూరయు వేయువారున్నారు. ఎన్నిమార్లు కడిగినను ప్లాస్టికు పీల్చుకొన్న మందు పూర్తిగ పోదు. మందు వాడిన డబ్బాలు తిరిగి వాడబడకుండ పాడుచేయవలెనని 1971 నాటి పురుగుమందుల నియమములే చెప్పుచున్నవి. సీసామీద ఎఱుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ ముక్కోణములు విషతీవ్రతకు గుఱుతులు. ఆకుపచ్చ యున్నంతమాత్రమున అది వంటింటి పాత్ర కాజాలదు. పాతసామాను వర్తకుని యొద్ద చీటి చింపిన డ్రమ్ము చౌకగ దొరకును. దానిలో ముందేమి యుండెనో వర్తకుడు చెప్పలేనిచో కొనవద్దు. పిల్లలు తిను కూర అందులో పండవలసియున్నది. నూనెయో బెల్లపుపాకమో వచ్చినదని నిశ్చయముగ తెలిసిన డ్రమ్మును వాడవచ్చును. నల్లని డ్రమ్మైనచో వెలుపల తెల్లరంగో సున్నమో పూయవలెను. పడమటియెండకు నల్లగోడ కాలి, గోడ నంటియున్న వేళ్లు ఉడికిపోవును.

మిద్దెమీద తొట్లు పెట్టదలచినవారికొక మాట. తడిమన్ను ఘనపుటడుగు 45 నుండి 50 కిలోలు తూగును. మనుష్యులు నడచు స్లాబును సామాన్యముగ చదరపు మీటరునకు 150 కిలోల బరువునకే లెక్కగట్టుదురు. అడుగు లోతు తడిమన్ను అంతేచోట రమారమి 500 కిలోలగును. పెద్దతొట్లు నేలమీదనే యుండనిండు. పాత మట్టిమిద్దెలమీద ఏ తొట్టియు వలదు.

నింపుటలో మనవారు చేయు పొరపాటు ఉత్త చలకమన్నునే పోయుట. పొలములో ఆ మన్నునకు వానపాములు, పాతవేళ్ల దారులు తోడుగ నుండును. తొట్టిలో ఏమియు లేవు. రెండు ఎండలకు అది ఇటుకవలె గట్టిపడి గోడనుండి విడివడును. అపుడు పోసిన నీరు ఆ నెఱ్ఱెగుండ జాఱి బెజ్జమునుండి వచ్చును. చూచువారు మొక్క నీరు త్రాగినదని సంతసింతురు. నడుమ మన్ను పొడిగనే యుండును. చెఱువుమట్టి బలమైనదే గాని ఒంటిగ పోసిన బంకపట్టి గాలిని చంపును. రెండు తట్టలు చలకమన్ను, ఒక తట్ట బాగుగ మాగిన పెంట, ఒక తట్ట ముతక వాగుయిసుక కలుపుడు. వేరుశనగ పండించు మన సీమలో పొట్టునకు కొదువ లేదు. ఒక వర్షాకాలము కుళ్లనిచ్చిన పొట్టును ఇసుకలో సగమునకు బదులు వేసిన తొట్టి తేలికయగును, తడియు నిలుచును. పెంట మాగినదా లేదా యనుటకు చేయి పెట్టి చూడుడు: వేడి యుండరాదు, దుర్వాసన యుండరాదు, గడ్డిపోచ గుఱుతు పట్టరాదు. పచ్చిపెంటతో వేరుపురుగులు వచ్చును. ఒరకు ఒక కిలో వేపపిండి కలిపిన మంచిది. పైన మూడంగుళములు ఖాళీ విడువవలెను. అది నీరు నిలిచి మెల్లగ దిగుటకు తావు.

కడియము నర్సరీలనుండి వచ్చు మొక్కల వేళ్లచుట్టు తఱచుగ ఒండ్రుమట్టిముద్ద యుండును. దానిని అట్లే మన గుల్లమన్నులో పాతినయెడల ముద్ద యొకటి, తొట్టి యొకటిగ నుండి వేరు వెలుపలికి రాదు. ముద్దను నానబెట్టి అంచుమట్టిని వ్రేళ్లతో విడదీసి నాటవలెను. నిమ్మకు గింజమొక్కకంటె అంటు మేలు, త్వరగా కాచును. గజ్జితెగులును కొంత తట్టుకొను బాలాజీ రకము దొరికిన తీసికొనుడు. మృగశిరకార్తె వానలు పడిన పిదప నాటినచో తొలి వేసవినాటికి వేరు నిలద్రొక్కుకొనును. కోతులనుగూర్చి కొందఱు అడుగుచున్నారు. మేము చూచినంతవఱకు అవి నిమ్మజోలికి అంతగ రావు. వంకాయను మాత్రము విడువవు.

నీటిమాటకు వత్తము. రోజుకొక గ్లాసు పోయు అలవాటు మానవలెను. వ్రేలు రెండవ కణుపువఱకు మన్నులో గ్రుచ్చి చూచి, తడి తగిలిన ఊరకుండుడు; పొడియైనచో అడుగునుండి నీరు కాఱువఱకు పోయుడు. మన బోరునీటిలో ఉప్పులు హెచ్చు. కొంచెముకొంచెము పోసిన ఉప్పు తొట్టిలోనే పేరుకొని పైన తెల్లపొడిగ తేలును, ఆకు కొనలు మాడును. అట్టి తొట్టికి వానాకాలములో చూరునీరు పట్టి దండిగ పోసిన ఉప్పు కడుగుకొనిపోవును. నడివేసవిలో మూడడుగుల ఒరకు దినమునకు రమారమి 5 లీటర్లు ఖర్చగును. చెట్టు గుబురైనకొలది హెచ్చును. మన్నుమీద రెండంగుళముల వేరుశనగపొట్టో వరిగడ్డియో కప్పిన ఆ ఖర్చు తగ్గును. కప్పు మొదలునకు తగులకుండ జానెడు ఎడముగ నుండవలెను. లేనిచో చెదలు పట్టును, మొదలు కుళ్లును. బియ్యము, కూరలు కడిగిన నీరు చాలమట్టుకు ఈ అక్కఱ తీర్చును. సబ్బునీరు పోయరాదు.

నిమ్మ లేతాకులు పసుపువారి ఈనెలు మాత్రము పచ్చగ నున్నచో ఎరువు చాలలేదని పెంట పోయకుడు. అది సున్నపునీటివలన ఇనుము అందని గుఱుతు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంకాలము ఆకులమీద చల్లి, వారమునకు మరల చల్లుడు.

మన్ను ఏటేట క్రుంగును. క్రుంగినంత మేర మాగినపెంట నింపవలెను గాని మొదలుబెరడు పూడరాదు. మూడవయేటికి వేళ్లు గోడవెంట చుట్టలుచుట్టుకొని నీరు నిలువనీయవు. ఫ్రాన్సు దేశమున వెర్సాయి రాజభవనములో 1684 నుండి 1686 వఱకు కట్టిన నారింజశాల కలదు. అచ్చటి చెట్లను పెట్టు కొయ్యతొట్లకు ప్రక్కపలకలు ఊడదీయుటకు వీలుండును. పలక తీసి చుట్టువేళ్లు కోసి క్రొత్తమన్ను వేసి మరల బిగింతురు. మన ఒరకు పలకలు లేవు. తొలకరి పడిన పిదప గోడవెంట ఒకప్రక్క మాత్రము జానెడు వెడల్పున గడ్డపారతో తవ్వి, చుట్టువేళ్లను పదునుకత్తితో కోసి, పాతమన్ను తీసి క్రొత్తమిశ్రమము నింపుడు. కొమ్మలను కొంచెము కత్తిరించి రెండు వారములు నీడకు తడక కట్టుడు. రెండవప్రక్కను మఱుసటి తొలకరికి చేయవలెను. రెండు ప్రక్కలు ఒకేయేట తవ్విన చెట్టు ఆకు రాల్చి ఆ యేటికి కాపు నిలిపివేయును.