కడలి అడుగున యుద్ధనౌక

దిగితేనే గాని లోతు తెలియదని పెద్దలంటారు. సముద్రగర్భంలోకి దిగే ఈతగానికి మాత్రం ఈ మాట చెల్లదు. లోతు ఎంతో తెలుసుకొని, ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించుకొని అతడు దిగాలి. అమెరికాలోని ఫ్లోరిడా తీరానికి దూరంగా మునిగి ఉన్న 'ఒరిస్కనీ' అనే యుద్ధనౌక ఈ సత్యాన్ని చక్కగా బోధిస్తుంది.

ఒరిస్కనీ విమానవాహక నౌక. దాని పొడవు సుమారు 270 మీటర్లు. 1950లో అమెరికా నౌకాదళంలో చేరి కొరియా, వియత్నాం యుద్ధాలలో పాల్గొంది. 1966 అక్టోబరు 26న టోంకిన్ సింధుశాఖలో ఉండగా ఆ నౌకపై ఘోరప్రమాదం సంభవించింది. వెలుతురు కోసం వాడే మెగ్నీషియం ఫ్లేర్ ఒకటి పొరపాటున రాజుకుంది. కంగారుపడిన నావికుడు దానిని ఫ్లేర్లు నిల్వ ఉంచిన గదిలోకే విసిరాడు. మంటలు చెలరేగి 44 మంది మరణించారు. వారిలో అనేకులు పొగ కమ్మిన గదులలో గాలి అందక ప్రాణాలు విడిచారు.

1976లో ఈ నౌక విశ్రాంతి పొందింది. చాలాకాలం తరువాత దానిని చేపలకు ఆవాసంగా మార్చాలని ప్రభుత్వం సంకల్పించింది. అయితే పాత విద్యుత్ తీగల తొడుగులలో పీసీబీ అనే విషరసాయనం ఉండటంతో ఆందోళన కలిగింది. నౌకను శుభ్రపరచి, మిగిలిన రసాయనం వల్ల కలిగే ముప్పును అంచనా వేసి, పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతి ఇచ్చిన తరువాతనే పని ముందుకు సాగింది. 2006 మే 17న పేలుడు పదార్థాలతో అడుగుభాగానికి రంధ్రాలు చేయగా, 37 నిమిషాలలో ఆ మహానౌక 65 మీటర్ల లోతున నేలను తాకింది. నేడు దాని ఉక్కుగోడలను సముద్రజీవులు అల్లుకున్నాయి. స్నాపర్, గ్రూపర్ చేపలు దాని నీడలో తిరుగుతున్నాయి.

ఈ దృశ్యాన్ని చూడటానికి ఈతగాళ్లు స్కూబా పరికరాలు ధరించి దిగుతారు. వీపున ఉన్న సిలిండరులోని గాలే వారికి ప్రాణాధారం. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 30 మీటర్ల వద్ద అది ఉపరితలం కంటే నాలుగింతలు. కాబట్టి ఒక్కొక్క శ్వాసకు నాలుగింతల గాలి ఖర్చవుతుంది. గాలిలోని నత్రజని మెదడుకు మత్తు కలిగించి వివేకాన్ని మందగింపజేస్తుంది. పైగా అది రక్తంలో కరుగుతుంది. వేగంగా పైకి వస్తే, మూత తీసిన సోడాసీసాలో వలె బుడగలు పొంగి, కీళ్లనూ నరాలనూ దెబ్బతీస్తాయి. అందువల్ల నెమ్మదిగా పైకి రావాలి. ఉపరితలానికి 5 మీటర్ల దిగువన కొన్ని నిమిషాలు ఆగాలి.

వినోదం కోసం దిగేవారికి 40 మీటర్లు గరిష్ఠపరిమితి. 2008లో వచ్చిన గుస్తావ్ తుఫాను తాకిడికి ఒరిస్కనీ మరికొంత దిగువకు జరిగింది. ఇప్పుడు విమానాలు ఎగిరిన వేదిక సుమారు 44 మీటర్ల లోతున ఉంది. నౌక గోపురం వద్ద నిలిచిన ఈతగానికి ఆ వేదిక కంటికి కనబడుతూ ఉంటుంది. కొన్ని మీటర్లే కదా అనిపిస్తుంది. ఆ క్షణమే అసలైన పరీక్ష. నౌక లోపలి చీకటి నడవలు మరింత ప్రమాదకరమైనవి. ఒండ్రు కదిలితే వచ్చిన దారి కనబడదు. నేరుగా పైకి తేలే వీలు ఉండదు. అందుకు ప్రత్యేకశిక్షణ పొందినవారే లోపలికి వెళ్లాలి.

ఒకనాడు గాలి అందక మనుషులు మరణించిన నౌక అది. కొలిచి తెచ్చుకున్న గాలితో దాని చెంతకు వెళ్లేవారు ఆ సంగతి మరువరాదు. ముందుకు సాగడానికి ధైర్యం కావాలి. చూడవలసినది ఇంకా మిగిలి ఉండగానే వెనుదిరగడానికి అంతకు మించిన ధైర్యం కావాలి.

ప్రశ్నలు
1. ఒరిస్కనీ నౌకను ముంచడానికి ముందు ఏ జాగ్రత్తలు తీసుకున్నారు?
2. ఈతగాడు వేగంగా పైకి ఎందుకు రాకూడదు?
3. వెనుదిరగడం కూడా ధైర్యమే అనడాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.