జార్జియాలో ఇంటిల్లిపాదీ నడిపే హోటల్లో భోజనం: పది చిట్కాలు

టిబిలిసిలో మెడిసిన్ చదివే మన పిల్లల్ని చూడ్డానికో, కాకసస్ కొండలు తిరిగి రావడానికో జార్జియా వెళ్లే తెలుగువాళ్లు సూట్‌కేసులో సగం పొడులు, పచ్చళ్లతో నింపేస్తారు. అంత భయం అక్కర్లేదు. అమ్మ వండుతుంటే పిల్లలు వడ్డించే చిన్న హోటళ్లు అక్కడ ఊరూరా ఉన్నాయి. కొత్తిమీర, వెల్లుల్లి, వంకాయ, చిక్కుడు గింజలు వాళ్లకూ రోజూ వాడకంలో ఉన్నవే. ఎలా అడగాలో, ఎలా తినాలో తెలిస్తే చాలు.

1. తీరిక చేసుకుని వెళ్లండి. ఇలాంటి చోట చాలా వంటకాలు మీరు చెప్పాకే మొదలవుతాయి. పొయ్యి దగ్గర ఉండేది ఒకరిద్దరే. రైలుకో, టూర్ బస్సుకో గంట ముందు వెళ్లి తొందర పెడితే వాళ్లకూ ఇబ్బంది, మీకూ తృప్తి ఉండదు. మెస్తియా, స్తెపాంత్స్‌మిందా లాంటి కొండ ఊళ్లలో గెస్ట్‌హౌస్‌లో దిగితే రాత్రి భోజనం కావాలని పొద్దున్నే చెప్పి ఉంచండి.

2. మనిషికో ప్లేటు చెప్పకండి. అక్కడ అన్నీ బల్ల మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకుంటారు. వడ్డన కూడా ఎక్కువగానే ఉంటుంది. నలుగురుంటే ముందు జున్ను రొట్టె ఖచాపురి ఒకటి, అక్రోటు ముద్ద కలిపిన ప్ఖాలి ఒక ప్లేటు, చిక్కుడు గింజల లోబియో ఒక కుండ, టమాటా దోసకాయ సలాడ్ చెప్పండి. అవి సగమయ్యాక ఆకలిని బట్టి మిగతావి చెప్పుకోవచ్చు. అన్నం దాదాపు దొరకదు. దాని బదులు మట్టి పొయ్యి గోడకు అంటించి కాల్చే పొడుగాటి షోతి రొట్టె అడగండి. వేడి మీద ఉన్నప్పుడే దాని రుచి.

3. శాకాహారులు ముందే చెప్పాలి. "ఖోర్త్సిస్ గరేషే" అంటే మాంసం లేకుండా అని. ఈ మాట కాగితం మీద రాసుకుని వెళ్లినా మంచిదే. గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి వండడం అక్కడ మామూలు. కాబట్టి అవి తినని మాంసాహారులు కూడా అడిగి తీరాలి. చిక్కుడు గింజల లోబియోలో, లోబియాని రొట్టెలో కొన్నిచోట్ల పంది మాంసం వేస్తారు.

మనకు బాగా కలిసొచ్చే సంగతి ఒకటుంది. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టర్‌కు, క్రిస్మస్‌కు ముందు వారాల తరబడీ మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. ఆ ఉపవాసపు వంటను "సమర్ఖ్వో" అంటారు. ఆ మాట అడిగితే వంటింట్లోవాళ్లకు మీ అవసరం వెంటనే అర్థమవుతుంది. పాలకూరనో బీట్‌రూట్‌నో అక్రోటు ముద్దతో కలిపిన ప్ఖాలి, అక్రోటు ముద్ద చుట్టిన వేపుడు వంకాయ బద్రిజాని, వంకాయ టమాటాల అజాప్సందాలి, లోబియోతో మొక్కజొన్న రొట్టె మ్చాది. వీటితోనే కడుపు నిండా మంచి భోజనం అవుతుంది. రోటి పచ్చడి ఇష్టపడేవాళ్లకు ప్ఖాలి మొదటి ముద్దకే నచ్చుతుంది.

4. అక్రోటు పడనివాళ్లు చాలా జాగ్రత్తగా ఉండాలి. చూడ్డానికి కనపడకపోయినా కూరల్లో, సలాడ్లలో రుబ్బి కలిపేస్తారు.

5. ఖచాపురిలో రకాలు తెలుసుకుని చెప్పండి. ఇమెరులి గుండ్రంగా ఉంటుంది, జున్ను లోపల పెడతారు. మెగ్రులికి పైన కూడా జున్ను పరుస్తారు. నల్ల సముద్రం ఒడ్డున ఉన్న అజారా ప్రాంతపు అజారులి పడవలా ఉంటుంది, మధ్యలో పచ్చసొన, వెన్న. అది రాగానే సొన, వెన్న, జున్ను గబగబా కలిపేయాలి. చల్లారితే కలవవు. కొసల నుంచి రొట్టె తుంచి అందులో ముంచుకుని తినాలి. గుడ్డు తిననివాళ్లు ఏ రకం చెప్పినా ముందుగా అడగండి, పిండిలోనూ జున్నులోనూ కలిపే ఇళ్లున్నాయి.

6. ఖింకాలిని చేత్తోనే తినండి. మడతలు మడతలుగా మూతి కట్టిన ఈ కుడుముల్లో మాంసంతో పాటు వేడి రసం ఉంటుంది. ఫోర్కుతో గుచ్చితే అదంతా ప్లేటు పాలు. పైన మిరియాల పొడి చల్లుకుని, ముడి పట్టుకుని తలకిందులు చేసి, పక్కన చిన్నగా కొరికి ముందు రసం పీల్చుకోవాలి. తర్వాత మిగతాది. గట్టిగా ఉండే ఆ ముడిని తినకుండా ప్లేటులో వదిలేస్తారు, అది మర్యాద తప్పినట్టు కాదు. ఇవి లెక్కన అమ్ముతారు. చాలాచోట్ల ఒక్కో రకం కనీసం అయిదు చెప్పాలి. పుట్టగొడుగులవి, బంగాళాదుంపవి, జున్నువి కూడా ఉంటాయి. వాటిలో రసం ఉండదు గానీ రుచికి లోటు లేదు.

7. కారం విడిగా అడగండి. వంట చప్పగా అనిపిస్తే వెల్లుల్లి, మిరపకాయలు నూరిన అజికా తెప్పించుకోండి. పులుపు కావాలంటే పుల్లటి ఆలుబుఖారాలతో చేసే త్కెమలి ఉంది. వేయించిన బంగాళాదుంపలతో అది అద్భుతం.

8. వైన్ విషయంలో మొహమాటం వద్దు. భూమిలో పాతిన క్వెవ్రి అనే మట్టి బానల్లో ద్రాక్షరసం పులియబెట్టే వాళ్ల పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంటి వైన్ అంటే వాళ్లకు అంత అభిమానం. పక్క బల్ల వాళ్లు పిలిచి గ్లాసు అందిస్తే, విందుకు పెద్దగా ఉండే తమదా మాట్లాడడం అయ్యేదాకా ఆగి, "గౌమర్జోస్" (మన "చీర్స్" లాంటి మాట) అని తాగాలి. తాగనివాళ్లు గుండె మీద చెయ్యి వేసి నవ్వుతూ వద్దనవచ్చు. తాగి ఇక చాలనుకుంటే గ్లాసు ఖాళీ చేయకండి, ఖాళీ అయితే మళ్లీ నింపుతారు. ద్రాక్షపిప్పి నుంచి తీసే చాచా మాత్రం ఘాటైన సారా, చూసుకుని పుచ్చుకోండి.

9. బిల్లు చదవండి. నగరంలో సర్వీసు చార్జి కలిపి వేసేవాళ్లు ఎక్కువ. పల్లెల్లో కార్డు పనిచేస్తుందని నమ్ముకోకుండా అక్కడి కరెన్సీ లారీలో చిన్న నోట్లు దగ్గరుంచుకోండి. లేచేముందు వండినావిడకు వినపడేలా "గెమ్రియెలి ఇకో" అనండి, రుచిగా ఉందని. ఆ మాట ఆవిడకే చెందాలి.

10. మిగిలినవి కట్టించుకోండి. మర్నాడు ఖచాపురిని మైక్రోవేవ్‌లో పెడితే సాగుతుంది. పెనం మీద మూతపెట్టి సన్నమంట మీద వెచ్చబెడితే అడుగు కరకరలాడుతుంది. మిగిలిన ఖింకాలిని జార్జియావాళ్లే పొద్దున వెన్నలో ఎర్రగా వేయించుకుని తింటారు.