గ్రామఫోను ప్లేటు: వేగమును శ్రుతియును

1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరుగారు మన పొరుగుననున్న మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసి, జనగణమన గీతమును స్వయముగా పాడి వినిపించిరి. విన్నవారు ధన్యులు. గానము పాడిన క్షణముననే గాలిలో కలిసిపోవునది. దానిని పట్టి నిలుపు సాధనములలో గ్రామఫోను ప్లేటు ఒకటి. అయినను ప్లేటులోని కంఠము నిజమైన కంఠముగా వినబడవలెనన్నచో వేగము సరిగా నుండవలయును. ఆ విషయమునే యిచట విచారింతము.

మనదేశమున తొలి ప్లేట్లను 1902లో గైస్‌బర్గు దొర కలకత్తాలో ధ్వనిముద్రితము గావించెను. గౌహర్ జాన్ పాటలు వానిలోనివే. లక్క కలిపి చేసిన ఆ ప్లేట్లు నిమిషమునకు సుమారు 78 మారులు తిరుగును. పది అంగుళముల ప్లేటున ఒక ప్రక్క మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. కావున గాయకులు రాగమును కుదించి పాడవలసివచ్చెను. 1948లో అమెరికాలో 33⅓ వేగముగల వినైలు ప్లేటు వెలువడెను. దానిలో ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టును. మరుసటి యేట 45 వేగముగలది వచ్చెను.

చెరకు గానుగ త్రిప్పు ఎడ్ల జతను చూడుడు. రెండును ఒకే కాలమున చుట్టు ముగించినను, వెలుపలి యెద్దు ఎక్కువ దూరము నడచును. ప్లేటును ఇట్టిదే. పండ్రెండంగుళముల 33⅓ ప్లేటున, ముల్లు క్రింద వెలుపలి గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు సాగును. లోపలి చివర 21 మాత్రమే. సెకనుకు 10,000 కంపనములుగల ధ్వనికి వెలుపల ఒక్కొక్క వంపు మిల్లీమీటరులో ఇరువదవ వంతుండగా, లోపల యాబదవ వంతే యుండును. అంత సన్నని వంపులను ముల్లు చక్కగా అనుసరింపజాలదు. అందుచేతనే ప్లేటు చివరి పాటలో శ, ష, స అను అక్షరములు గరగరలాడును. వేగము హెచ్చినకొలది స్పష్టత హెచ్చును, పట్టు కాలము తగ్గును.

తొలి ప్లేటును చెక్కు నిపుణుడు దీనినంతయు ఎరిగి పనిచేయును. మంద్రధ్వనులు గాడిని మిక్కిలి ప్రక్కలకు ఊపును. ఒక గాడి మరియొకదానిని తాకవచ్చును. కావున మంద్రమును తగ్గించి, తారమును హెచ్చించి చెక్కును. వినునపుడు యంత్రము దానిని తలక్రిందులుచేసి సరిదిద్దును. ఈ కొలతలకు 1954లో ఒక సామాన్య నియమమేర్పడెను. ఒకే ప్రక్క ఎక్కువ కాలము ఇరికించినచో గాడులు ఇరుకై ధ్వని బలము తగ్గును.

ఇక శ్రుతి సంగతి. 33⅓ ప్లేటును 45 వేగమున త్రిప్పినచో కంపనములు 1.35 రెట్లగును. షడ్జమమునకు శుద్ధమధ్యమము 1.33 రెట్లు గదా! ఘంటసాలవారి భగవద్గీత ప్లేటును అట్లు త్రిప్పిన, వారి షడ్జమము దాదాపు మధ్యమమునకెక్కి, గంభీరకంఠము బాలకంఠమగును. ఈ తప్పు ఎవరికైనను తెలియును. చిన్న తప్పే ప్రమాదకరము. 78 ప్లేటు 82½ వేగమున తిరిగిన, పాట అంతయు ఒక స్వరస్థానము పైకి పోవును, వినువారు పోల్చజాలరు. అదిగాక తొలినాటి ప్లేట్లన్నియు సరిగా 78 వేగమున చెక్కినవి కావు. నేడు వానిని కంప్యూటరులోనికి ఎక్కించుచున్నారు. అచట తప్పు జరిగినచో, రాబోవు విద్యార్థులు లేని శ్రుతిని ఆ గాయకుని శ్రుతియని నమ్మి అభ్యసింతురు.

విద్యార్థులారా, మీ యింట ప్లేటుయంత్రమున్నచో ఇట్లు పరీక్షింపుడు. పళ్లెము అంచున చిన్న కాగితపు ముక్కనంటించి, ప్లేటును పెట్టి, ముల్లును దింపి, గడియారము చూచుచు చుట్లు లెక్కింపుడు. మూడు నిమిషములకు 33⅓ వేగమున సరిగా 100 చుట్లు, 45 వేగమున 135, 78 వేగమున 234 రావలయును. తక్కువయైనను ఎక్కువయైనను యంత్రమును సరిచేయించి పిదప వినుడు. పాడినవారు తమ శ్రుతిని ఇక దిద్దుకొనజాలరు. దానిని కాపాడు బాధ్యత వినెడి మనదే.