కోళ్ల వ్యాధి నిర్ధారణ – గొంతు నమూనా సేకరణ

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో కోళ్లు చనిపోయినపుడు, అది బర్డ్ ఫ్లూ అని తేలినది భోపాల్ ప్రయోగశాలకు పంపిన నమూనాల వల్లనే. కొక్కెర తెగులు లక్షణములును ఇట్లే యుండును గనుక కంటితో చూచి తేల్చరాదు.

కోళ్లు హఠాత్తుగా చచ్చినచో వాటిని ముట్టక, అమ్మక, పారవేయక పశువైద్యునికి కబురు చేయుడు. ముఖమునకు మాస్కు, చేతులకు తొడుగులు ధరించిన సిబ్బందియే నమూనా తీయవలెను. ఒక దూదిపుల్లతో గొంతును, వేరొకదానితో మలద్వారమును తుడిచి, వేర్వేరు గొట్టములలోని ద్రావణమున ఉంచెదరు.

ఈ గొట్టములను ఐసుపెట్టెలో సుమారు 4 డిగ్రీల చల్లదనమున ఉంచి, 48 గంటలలోగా ప్రయోగశాలకు చేర్చుట మంచిది. ఇంటి ఫ్రిజ్‌లో గడ్డకట్టించరాదు. వేడికి నమూనా చెడినచో, రోగమున్నను లేదని తేలవచ్చును. ఆలోగా తెగులు ఊరంతయు ప్రాకును. కనుక గ్రామోద్యోగులు ఐసును, వాహనమును ముందుగానే సిద్ధపరచవలెను.