గసగసాలు: వంటయు సాగును

వంటింటి గసగసాలు నల్లమందు మొక్క గింజలేయని మన రయితులలో పెక్కుర కెరుక లేదు. పచ్చికాయకు గాటు పెట్టగా కారు పాలు గట్టిపడి నల్లమందగును. ఎండిన కాయలను దులుపగా గసగసాలు రాలును. గింజ తనంత మత్తు గలది కాదు. అందు సుమారు సగపాలు నూనెయే.

స్విట్జర్లాండు సరస్సుల యొడ్డున రాతియుగపు పల్లెలలోనే యీ గింజలు దొరకినవి. ఐరోపావారు నీలివన్నె గింజలను రొట్టెలలో వాడుదురు. వంగీయులు తెల్లగింజలను నూరి బంగాళాదుంపలతో వండుదురు. మన యిండ్లలో నివి మాంసపు కూరకు చిక్కదన మిచ్చును. నానవేయక రోట వేసినచో సులభముగా నలుగవు.

ధర హెచ్చుగదా యని విత్తదలచుట మాత్రము ముప్పు. 1985వ సంవత్సరపు మత్తుమందుల చట్టము ననుసరించి లైసెన్సులేని సాగునకు 10 ఏండ్లవరకు కఠినశిక్షయు, లక్ష రూపాయలవరకు జుల్మానాయు గలవు. లైసెన్సులు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రకటిత ప్రదేశములకే యిత్తురు, తెలుగునాట లేవు. పెరటిమడిలో జల్లినను అది సాగే. కౌలుదారు విత్తినదైనను, ఎరిగియు పోలీసువారికి వెంటనే తెలుపని భూస్వామి శిక్షార్హుడగును. కావున కౌలుకిచ్చిన చేనిని పుష్య మాఘ మాసములలో స్వయముగా జూచుకొనవలెను. తెల్లని లేక ఊదావన్నె పెద్దపూవును, తలపై కిరీటమువంటి యంచుగల గుండ్రని కాయయు గానవచ్చినచో నది యీ మొక్కయే.